ఐదువేల నలభైలో ఖాళీ లేదు

తరంగూల్‌లో డల్సీ ట్రెగియర్‌కి కోడిగుడ్లు అమ్మాలంటే గుండె ధైర్యం కావాలి. తెచ్చినవాళ్ళ ఎదుటే గిన్నెడు నీళ్ళు పెట్టి, ఒక్కొక్క గుడ్డే అందులో వేసి చూస్తుంది. మునిగితే సరే. తేలిందా, ఆ గుడ్డునే కాదు, తెచ్చిన మనిషిని కూడా మళ్ళీ గుమ్మం తొక్కనివ్వదు. చర్చి గడియారాన్ని రేడియోతో సరిచూసుకుంటుంది, రేడియోని మధ్యాహ్నం రైలుతో సరిచూసుకుంటుంది, రైలు సంగతి అడిగితే మాత్రం పెదవి విరుస్తుంది.

అందులో ఆవిడ తప్పేం లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. ఒంట్లో బాగాలేదు, ఇవాళ పనికి రాలేనని యజమానితో మూలుగుతూ చెప్పినవాడే, ఐదు నిమిషాలు తిరక్కుండా స్నేహితుడికి ఫోన్ చేసి చేపలకి ఎన్నింటికి బయల్దేరదామని హుషారుగా అడుగుతాడు. రెండు కాల్సూ కలిపేది డల్సీయే. ఇరవై ఆరేళ్ళు ఇలాంటివి విన్న మనిషి ఎవర్నైనా నమ్మితేనే ఆశ్చర్యపోవాలి. పెళ్ళి సంబంధం కూడా ఆ చెవుల వల్లే తప్పిపోయిందని ఊళ్ళో చెప్పుకుంటారు గానీ, కందకు లేని దురద కత్తిపీటకెందుకు, ఆ కథ మనకి వద్దు.

ఆవిడ మనసారా నమ్మింది ఒక్కదాన్నే, చర్చి గోపురంలోని గంటల్ని. ఆ గంటల్లో పాట ఉండదు. ఎనిమిది మంది తాళ్ళు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు, ఒక్కొక్కరికీ ఒక్కో గంట. ఒకటో నంబరుది సన్నటి గొంతు, ఎనిమిదో నంబరుది బొంగురు గొంతు. ఆ ఎనిమిదోది ఎప్పుడూ ఆఖర్నే మోగుతుంది. మిగిలిన ఏడూ ప్రతి వరసలోనూ చోట్లు మార్చుకుంటాయి. మారేవి మూడే అనుకోండి. ఒకటి రెండు మూడు, రెండు ఒకటి మూడు, రెండు మూడు ఒకటి, మూడు రెండు ఒకటి, మూడు ఒకటి రెండు, ఒకటి మూడు రెండు. ఆరు వరసలు, అంతే, ఏడోది లేదు. మారేవి నాలుగైతే ఇరవై నాలుగు వరసలు. ఏడైతే ఐదువేల నలభై. ఆ ఐదువేల నలభై వరసల్నీ ఒక్కటి కూడా రెండోసారి పడకుండా, ఒక్కటి కూడా మిగిలిపోకుండా, చేతిలో కాగితం లేకుండా, మధ్యలో ఆగకుండా కొట్టాలి. దాన్నే పూర్తిమోత అంటారు. నూట ఎనభై నిమిషాలు పడుతుంది. కొడుతున్నంత సేపూ నడిపించే ఒక్కడు తప్ప ఇంకెవరూ నోరు విప్పకూడదు.

ఏ వరసైనా రెండోసారి పడితే అది అబద్ధపు మోత. అబద్ధమని తేల్చడానికి పైన అధికారులెవరూ లేరు. కొట్టినవాళ్ళే ఒప్పుకోవాలి, ఒప్పుకుని తమ పేర్లు తామే వెనక్కి తీసుకోవాలి. లోకంలో ఇంకెక్కడా లేని ఈ మర్యాద చూసే డల్సీ ముప్ఫయ్యో ఏట గోపురం మెట్లెక్కింది. యాభై రెండేళ్ళు వచ్చినా మూడో నంబరు తాడు ఆవిడదే.

ఆరో నంబరు తాడు విల్ఫ్ జెల్‌బర్ట్‌ది. డెబ్బై ఏళ్ళవాడు. రైలు పట్టాల కింద చెక్కలు పరిపించే మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఉన్న ఒక్క సరదా ఆ ఐదువేల నలభై అనే అంకె. వంటింటి గోడమీద సుద్దముక్కతో దాని భాగాలన్నీ రాసుకున్నాడు. దాన్ని శేషం లేకుండా భాగించే అంకెలు అరవై ఉన్నాయి. అరవై మందినీ పెళ్ళి పిలుపులు పిలిచినట్టు వరసగా చెప్పేవాడు.

"ఒకటి నుంచి పది దాకా ఎంతమందొచ్చినా సమానంగా పంచుకోవచ్చు, అమ్మాయ్," అనేవాడు డల్సీతో. "పదకొండు మందికి కుదర్దు. పన్నెండు మందికి మళ్ళీ కుదురుద్ది. అందులోంచి ఒక్కటి తీసెయ్, ఐదువేల ముప్ఫై తొమ్మిది. అది ఎవడికీ లొంగదు. ఒకడే మొత్తం మోసుకోవాలి, లేకపోతే ఒక్కోటీ ఒక్కోడికి పంచాలి. ఒకటి కలుపు, డెబ్బై ఒకటిని డెబ్బై ఒకటి సార్లు వేస్తే వస్తది. అటూ ఇటూ అలాంటివాళ్ళని పెట్టుకుని మధ్యలో ఎంత మంచిగా కూర్చుందో చూడు."

"నువ్వు చెప్తే సరా? నేను చేసి చూడాలి," అని డల్సీ ఇంటికి వెళ్ళి నిజంగానే భాగించి చూసుకుంది. అరవయ్యే వచ్చాయి.

పూర్తిమోత కొట్టిన ఎనిమిది మంది పేర్లూ చెక్క బోర్డుమీద బంగారు అక్షరాలతో రాసి గోపురంలో తగిలించడం ఆనవాయితీ. తరంగూల్ గోపురం కట్టి ఎనభై ఏళ్ళయినా గోడలు బోసిగానే ఉన్నాయి. విల్ఫ్ నలభై ఏళ్ళలో పదకొండుసార్లు పూర్తిమోతకి నిలబడ్డాడు. పదకొండుసార్లూ ఎవరో ఒకరు దారి తప్పారు, ఒకసారి తాడే తెగింది. ఆ బోర్డుమీద తన పేరు చూసుకుని పోవాలన్నది ఒక్కటే ఆయన కోరిక. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. ఈమధ్య వేళ్ళ కణుపులు వాచి, టీ కప్పు కూడా రెండు చేతులతో పట్టుకుంటున్నాడనీ తెలుసు.

"పదకొండు కుదర్దని ముందే చెప్పానుగా," అన్నాడు పన్నెండోసారి మెట్లెక్కుతూ. "ఇది కుదురుద్ది."

నడిపించేవాడు నార్మన్ హాకడే, ఊళ్ళో మందుల షాపు ఆయన. ఏడో నంబరు తాడు పట్టుకుని ఎవరు ఎప్పుడు ఎటు మళ్ళాలో కేకలు పెడతాడు. జనం తనని డాక్టరనుకుంటే కాదనే మనిషి కాదు. ఈ నార్మన్ ఏం చేశాడో తెలుసా? మోత ఇంకా కొట్టకముందే బోర్డు చేయించాడు. ఎనిమిది పేర్లూ రాయించి, తేదీ కోసం చోటు వదిలి, షాపు వెనక గదిలో దుప్పటి కప్పి పెట్టాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ బోర్డు రాసిన రంగులాయన ఫోనులో ఎవరితోనో చెబుతుండగా డల్సీ చెవిన పడింది. ఆ రోజు నుంచి ఆవిడ నార్మన్‌ని ఒక కంట కనిపెడుతూనే ఉంది. ముందే బోర్డు చేయించినవాడు తప్పు జరిగితే ఆపుతాడా?

ఒక కన్ను నార్మన్ మీద ఉంటే, రెండోది విల్ఫ్ చేతుల మీద.

పందొమ్మిది వందల అరవై తొమ్మిది, మే నెల, శనివారం మధ్యాహ్నం. గోపురం తలుపు మూశారు. మొదటి నూరు నిమిషాలూ ఏ పొరపాటూ లేకుండా సాగింది. ఆ పైన విల్ఫ్ ముఖం పాలిపోయింది. తాడు పైకి లేచినప్పుడల్లా ఆయన వేళ్ళు అర క్షణం ఆలస్యంగా మూసుకుంటున్నాయని డల్సీకి అనిపించింది. ఇప్పుడు జారుస్తాడు, ఇదిగో జారుస్తాడు అనుకుంటూ చూసింది. నూట ముప్ఫై నిమిషాల దగ్గర ఏదో తేడా వచ్చింది. మూడో గంటకి ఎదురయ్యే గంటలకి ఒక క్రమం ఉంటుంది. ఐదు తర్వాత ఎవరు, ఆ తర్వాత ఎవరు అన్నది ఆవిడకి కాళ్ళూ చేతులూ తెలిసినట్టు తెలుసు. ఆ క్రమం చెడింది. అందరూ తప్పుడు చోట్లలో ఎదురవుతున్నారు. నార్మన్ ముఖంలో ఏ కదలికా లేదు. నోరు విప్పకూడదు గనుక డల్సీ పళ్ళు బిగించి తాడు లాగింది. మూడు నిమిషాల తర్వాత విల్ఫ్ తల ఒకసారి కిందికి వాలింది. ఆ వెంటనే అన్నీ మళ్ళీ సర్దుకున్నాయి. నూట ఎనభై రెండో నిమిషంలో గంటలు ఒకటి రెండు మూడు నాలుగు ఐదు ఆరు ఏడుకి తిరిగొచ్చాయి, నార్మన్ ఆపమన్నాడు.

విల్ఫ్ తాడు కట్టేసి బల్లమీద కూలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి అందరూ చప్పట్లు కొట్టారు. డల్సీ కొట్టలేదు.

"నూట ముప్ఫై దగ్గర ఏం జరిగింది?" అంది నార్మన్‌తో.

"ఏం జరగలేదు."

"క్రమం చెడింది. నేను చూశాను."

"తిరిగొచ్చిందా లేదా? ఒకటి రెండు మూడు నాలుగు ఐదు ఆరు ఏడు. ఇంకేం కావాలి నీకు?"

"తాగినవాడు కూడా తెల్లారేసరికి ఇంటికే వస్తాడు, డాక్టరుగారూ. దారి తప్పలేదని అర్థమా?"

"నువ్వు మీ అమ్మ పాలు కూడా నీళ్ళలో వేసి చూసి ఉంటావు," అన్నాడు నార్మన్. అందరూ నవ్వారు. ఆదివారం ప్రార్థన తర్వాత బోర్డు గోడకెక్కింది. కేకులు కోశారు. డల్సీ తన ముక్క తినకుండా రుమాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చి పెరట్లో పిచ్చుకలకి వేసింది.

అనుమానం పెనుభూతం అంటారు. అది డల్సీ ఇంట్లో ఎప్పటినుంచో ఉంటున్నదే, ఇప్పుడు మంచం కూడా అడిగింది. ఆవిడ లెక్క ఇది. ఎవరో ఇద్దరు ఒకరి చోట్లోకి ఒకరు వెళ్ళిపోయారు. తర్వాత గుట్టుగా ఎవరి చోట్లోకి వాళ్ళు వచ్చేశారు. అది విల్ఫే అయ్యుండాలి, ఆయన చేతులే జారి ఉండాలి. తల వాల్చింది నొప్పికో, నిద్రకో. నార్మన్ చూసి కూడా బోర్డు కోసం మింగేశాడు. పైగా విల్ఫ్ తీరు కూడా అనుమానంగానే ఉంది. రోజూ పొద్దున్నే గోపురానికి వెళుతున్నాడు. తాళం చెవి ఇచ్చే ఆవిడ చెప్పింది, లోపలికెళ్ళి బోర్డు ముందు టోపీ తీసి నిలబడతాడట, మాట్లాడకుండా దిగి వచ్చేస్తాడట. నిజంగా గెలిచినవాడు నలుగురిలో చెప్పుకుంటాడు గానీ ఇలా ఒంటరిగా వెళ్ళి నిలబడతాడా?

చర్చికి ఎదురుగా రేడియోలు బాగుచేసే కెర్స్‌లేక్ దుకాణం ఉంది. ఆ శనివారం ఆయన కిటికీలో మైకు పెట్టి మోత మొత్తం టేపు మీదికి ఎక్కించాడని డల్సీకి బుధవారం తెలిసింది. తెలియకేం, ఆయన తన చెల్లెలితో ఫోనులో చెప్పాడు. గురువారం సాయంత్రానికి టేపు, దాన్ని మోగించే మెషీన్ డల్సీ వంటింటి బల్లమీద ఉన్నాయి.

"దేనికి?" అన్నాడు కెర్స్‌లేక్.

"మళ్ళీ వినాలని ఉంది. బాగా కొట్టాం కదా," అంది డల్సీ. అబద్ధం చెప్పేవాళ్ళని జీవితమంతా అసహ్యించుకున్న మనిషికి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో చూడండి.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం కూర్చుంది. ఒక వరస వినడం, టేపు ఆపడం, రాసుకోవడం. ఎదురుగా నార్మన్ దగ్గర అడిగి తెచ్చుకున్న కాగితం, ఏ వరస తర్వాత ఏ వరస రావాలో అందులో ఉంటుంది. ఎక్స్ఛేంజిలో మిగిలిన పాత చీటీల వెనక ఏడేసి అంకెలు చొప్పున రాస్తూ పోయింది. అనుమానం నూట ముప్ఫయ్యో నిమిషం మీదే అయినా మొదటినుంచీ మొదలుపెట్టింది. మొదటి భాగం సరిగ్గా ఉందని మాత్రం ఎవరు చెప్పారు? తొమ్మిది ఆదివారాలు పట్టింది. తోటలో ఆకుకూరలు ముదిరిపోయాయి. పిచ్చుకలు కూడా ఆవిడ పెరడు మరిచిపోయే రోజులొచ్చాయి.

3611 వరసల దాకా ఒక్క తేడా లేదు. 3612 దగ్గర పెన్సిలు ఆగింది. కాగితం ప్రకారం ఆరో గంట ఉండాల్సిన చోట మూడో గంట మోగింది. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మళ్ళీ అదే. ఆ పైన ప్రతి వరసలోనూ అంతే, ఆరు ఉండాల్సిన చోట మూడు, మూడు ఉండాల్సిన చోట ఆరు. ఐదూ తప్పలేదు, ఏడూ తప్పలేదు, మిగతా ఎవరూ తప్పలేదు. సరిగ్గా ఎనభై నాలుగు వరసలు అలా నడిచి, 3696 నుంచి మళ్ళీ దారిలో పడింది.

ఇద్దరిలో ముందు తప్పినది ఎవరో తెలుసుకోవడానికి ఆ ఒక్క చోటుని పదిహేను సార్లు విన్నది. పదిహేను సార్లూ టేపు ఒకటే చెప్పింది. ఆరో గంట తన చోటికి సరైన సమయానికి వచ్చింది. మూడో గంట ఒక అడుగు ఆలస్యంగా వచ్చి ఆ చోట్లో దూరింది. ఆరో గంటకి నిలబడే చోటు లేక, ఖాళీగా పడున్న మూడో గంట చోట్లోకి జరిగింది.

గురివింద గింజకి తన కింది నలుపు తెలియదంటారు. తను దారి తప్పి, ఎదురొచ్చిన వాళ్ళందరూ దారి తప్పారనుకుంది డల్సీ. ఎందుకు తప్పిందో కూడా ఆవిడకి గుర్తుంది. ఆ క్షణాన ఆవిడ తన తాడు చూసుకోవడం లేదు. విల్ఫ్ చేతులు జారతాయేమోనని చూస్తోంది.

టేపు కట్టేసి, చీటీల కట్ట సంచిలో వేసుకుని విల్ఫ్ ఇంటికి నడిచింది. ఆయన వెనక వసారాలో కూర్చుని మాగ్‌పై పిట్టలకి ఖీమా ముద్దలు విసురుతున్నాడు.

"3612," అంది డల్సీ కూర్చోకుండానే.

విల్ఫ్ చేతిలో ఉన్న ఆఖరి ముద్ద కూడా విసిరాడు. "అంత కచ్చితంగా నాకు తెలీదు. నూట ముప్ఫై నిమిషాలప్పుడు అనుకున్నా."

"అయితే నీకు తెలుసు."

"తెలీకేం? నువ్వు నా చోట్లోకి వచ్చేశావు. ఖాళీ ఉన్నది నీ చోటే. పోయి నిలబడ్డా. నీకు మళ్ళీ దగ్గరగా వచ్చినప్పుడు తలూపా, ముందుకి పొమ్మని. నువ్వు వెళ్ళావు."

"నిద్రపోతున్నావనుకున్నా."

"అనుకుంటావు," అన్నాడు విల్ఫ్. "నూరో నిమిషం నుంచీ నా చేతులు తప్ప ఇంకేం చూడట్లేదు నువ్వు. నువ్వు చూసే చూపుకే చెమటలు పట్టాయి నాకు."

డల్సీ మెట్టుమీద కూర్చుంది. తర్వాత, "కేకెయ్యాల్సింది," అంది.

"కేకేస్తే నార్మన్ ఆపేవాడు. వాడికి బోర్డు పిచ్చి ఉందిగానీ, మోత దగ్గర దొంగ కాదు. వాడికి తెలిసుంటే ఆపేవాడే. అది నా పన్నెండోది, అమ్మాయ్." విల్ఫ్ తన వేళ్ళ వంక చూసుకున్నాడు. "మూడు నిమిషాలు, ఏం పోతుందిలే అనుకున్నా. ఎనిమిది గంటలూ మారే మోతైతే నలభై వేల పైన వరసలుంటాయి, మనం కొట్టేది అందులో ముక్క. దారి తప్పినా ఎక్కడో కొత్త వరస దొరకొచ్చు, ఎవడి చోటూ పోదు. ఇది అలా కాదు. ఉన్నవన్నీ కొట్టేస్తాం కదా. ఐదువేల నలభైలో ఖాళీ లేదు. తప్పినోడు ఇంకొకడి చోట్లోనే కూర్చోవాలి. ఆ ఎనభై నాలుగూ రెండేసి సార్లు పడ్డాయి. ఇంకో ఎనభై నాలుగు అసలు పుట్టనే లేదు. నాకు ఆ సాయంత్రమే తెలుసు."

"మరి రోజూ వెళ్ళి ఆ బోర్డు..."

"తీసెయ్యమని చెబుదామనే వెళ్ళేవాణ్ణి. నా పేరు చూసి నోరు రాక దిగొచ్చేవాణ్ణి."

మింగలేక కక్కలేక అంటారే, డల్సీ పరిస్థితి అదీ. ఆ చీటీలు పొయ్యిలో పడేస్తే అడిగేవాళ్ళు లేరు. టేపు చెరిపేస్తే కెర్స్‌లేక్ రెండు రోజులు సణిగి ఊరుకుంటాడు. విల్ఫ్ పేరు గోడమీద అలాగే ఉండిపోతుంది. తను నమ్మిన ఒకే ఒక్క చోటు కూడా మిగతా ఊరిలాగే అయిపోతుంది.

"నేను చెప్పేస్తాను, విల్ఫ్," అంది చివరికి. "నీ పేరు పోతుంది. పోగొట్టింది నేను."

"పోనీ. నువ్వొచ్చి అడుగుతావని తొమ్మిది వారాల నుంచీ చూస్తున్నా," అన్నాడు విల్ఫ్. "టీ పెట్టు. నా చేతులతో కెటిల్ ఎత్తలేను."

బుధవారం సాధనకి అందరూ వచ్చాక డల్సీ చీటీల కట్ట బల్లమీద పెట్టి సంగతి చెప్పింది. నార్మన్ ఎర్రబడ్డాడు. తన బోర్డు చూసి ఓర్వలేక కల్పించిందన్నాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని చీటీలు తిప్పాడు. తిప్పుతున్నకొద్దీ గొంతు తగ్గింది.

"ఎవరిది తప్పు?" అన్నాడు.

"మూడోది," అంది డల్సీ.

"ఆరోది," అన్నాడు విల్ఫ్ అదే క్షణంలో. "తెలిసీ నోరు మూసుకున్నది నేను."

నార్మన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కుర్చీ వేసుకుని ఎక్కి, తనే బోర్డు దించి, పేర్లు గోడవైపు తిరిగేలా మూల పెట్టాడు. ఆ మోత అబద్ధమని గంటలవాళ్ళ పత్రికకి రాసిన ఉత్తరం మీద ఎనిమిది మందీ సంతకాలు పెట్టారు. విల్ఫ్ సంతకం వంకరటింకరగా వచ్చింది.

పదమూడోసారి సెప్టెంబరులో నిలబడ్డారు. "పదమూడు కూడా కుదర్దు, తెలుసుగా. పద్నాలుగు కుదురుద్ది," అంటూనే విల్ఫ్ మెట్లెక్కాడు. నలభయ్యో నిమిషంలో ఆయన చేతిలోంచి తాడు జారింది. పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. "ఆపండి," అని ఆయనే కేక వేశాడు. మేలో వెయ్యాల్సిన కేక అప్పుడు వేశాడు. ఆ తర్వాత ఆయన తాడు ముట్టుకోలేదు.

పద్నాలుగోసారి వచ్చే ఏడాది మేలో అనుకున్నారు. ఆరో తాడు బేకరీ ఆవిడకి ఇచ్చారు. డల్సీ నార్మన్ షాపుకి వెళ్ళింది.

"నా చెవుల మీద నాకు నమ్మకం పోయింది. బయట కూర్చుని వరస వరసా విని సాక్ష్యం చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి పేరు కూడా బోర్డుమీద కింద రాయాలి."

"అలాంటి ఆనవాయితీ ఎక్కడుంది?"

"కొట్టకముందే బోర్డు చేయించే ఆనవాయితీ ఎక్కడుంది, డాక్టరుగారూ?"

నార్మన్ ఒప్పుకున్నాడు. ఆ శనివారం విల్ఫ్ కెర్స్‌లేక్ కిటికీ దగ్గర దిండు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో నార్మన్ కాగితం, చేతిలో లావుపాటి పెన్సిలు. పోయిన వారమే డెబ్బై ఒకటి నిండాయి. "లోపల ఐదువేల నలభై. బయట ఒకటి, అది నేను," అన్నాడు డల్సీతో. "కలిపితే డెబ్బై ఒకటి డెబ్బై ఒకట్లు. నా ఈడు కుదిరింది చూడు."

నూట డెబ్బై తొమ్మిది నిమిషాలు పట్టింది. డల్సీ ఈసారి తన తాడు తప్ప ఇంకేం చూడలేదు. దిగగానే ఎవరితోనూ మాట్లాడకుండా రోడ్డు దాటింది.

"నిజమేనా?" అంది కిటికీ దగ్గర నిలబడి.

విల్ఫ్ కాగితం మడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. "నిజమే," అన్నాడు.

పాత బోర్డు వెనకవైపు నున్నగా చేసి, ఎనిమిది పేర్లూ కొత్తగా రాశారు. అన్నిటికంటే కింద ఒక వరస: విని సాక్ష్యం చెప్పినవాడు, విల్ఫ్ జెల్‌బర్ట్. అది గోడకెక్కిన రోజు విల్ఫ్ టోపీ తియ్యలేదు. నలుగురిలో నిలబడి, చదవడం రానివాడిలా ఆ ఒక్క వరసే మూడుసార్లు పైకి చదివాడు.

ఆ మర్నాడు కెర్స్‌లేక్ డల్సీ ఇంటికి వచ్చాడు. చంకలో ఒక టేపు ఉంది.

"ఈసారి కూడా ఎక్కించా. నీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు గొంతు తగ్గించి. "పెద్దాయన నూరో నిమిషం దగ్గర కాస్త కునుకు తీశాడనుకుంటా. పెన్సిలు కింద పడింది. నేనే తీసిచ్చా. ఎంతసేపో చెప్పలేను. నువ్వెటూ అన్నీ సరిచూసుకునే మనిషివి కదా, ఓసారి విను."

డల్సీ ఆయన్ని ఎగాదిగా చూసింది. టేపు తీసుకుని సొరుగులో పెట్టింది. మెషీన్ అక్కర్లేదంది.

ఆవిడ అనుమానం చచ్చిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ ఆదివారం మధ్యాహ్నం రెండుసార్లు లేచి సొరుగు దాకా వెళ్ళింది. ఆ తర్వాతి ఆదివారమూ వెళ్ళింది. విల్ఫ్ చనిపోయిన వారంలో కూడా వెళ్ళింది. సొరుగు తెరిచింది, టేపు చేత్తో పట్టుకుంది, మళ్ళీ అక్కడే పెట్టింది. విననూ లేదు, చెరపనూ లేదు. ఎక్స్ఛేంజిలో మనుషుల్ని తీసేసి మెషీన్లు పెట్టి, డల్సీ రిటైరయ్యాక, గోపురం మీద పుస్తకం రాస్తున్నానంటూ ఒకాయన నగరం నుంచి వచ్చాడు. బోర్డుమీద సాక్షి పేరు ఎక్కడా చూడలేదన్నాడు. ఆ మోత నిజమని దేన్నిబట్టి అంటున్నారని అడిగాడు.

"విల్ఫ్ చెప్పాడు," అంది డల్సీ.

"అంతేనా? ఇంకేమీ ఆధారం లేదా?"

"అంతే," అంది. ఆయన మర్యాదకి తెచ్చిన అరడజను గుడ్లు తీసుకుని, లోపలికెళ్ళి గిన్నెలో నీళ్ళు పట్టింది.